వేలిముద్ర వేయని సిద్దమ్మ

సిద్దమ్మ సంతకం పెద్దది. కొరియర్ అబ్బాయి చూపించిన గడిలో ఎన్నడూ పట్టేది కాదు, పక్కవాళ్ళ గళ్ళలోకి కూడా పోయేది. "ఊరంతా నీ సంతకమేనా తల్లీ" అని ఏడిపిస్తే నవ్వేది కాదు. వాళ్ళ నాయన మునెయ్య ఒకప్పుడు ఎవరో చూపించిన చోట వేలిముద్ర వేసి చెరువు కింది చేను పోగొట్టుకున్నాడు. "ఈడ ఒత్తు, అంతే" అన్నారట. ఆ మాట వింటూ పెరిగిన పిల్లకు నవ్వెలా వస్తుంది?

2005 నాటికి ఆమె కుప్పం బస్టాండు దగ్గర, నా జిరాక్సు అంగడిని ఆనుకుని ఉన్న నెట్ సెంటర్లో పనిచేసేది. రామకుప్పం పక్క పల్లెలవాళ్ళు ఏనుగులు ఎక్కడున్నాయో ఫోన్లో చెబితే, సాయంత్రం ఒక పేజీ టైపు చేసి రైతుల వెబ్‌సైటుకు పంపేది. ఆ సైటు నడిపేది మదనపల్లెలో ముద్దుకృష్ణ. రామకుప్పంలో ఎస్టీడీ బూతు వెంకటస్వామి తన కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి గట్టిగా చదివేవాడు. "కొండ కిందనే ఉండాయి" అని వింటే జనం గుంపుగా, డప్పులూ టపాకాయలూ తీసుకుని రాగిచేల కావలికి వెళ్ళేవాళ్ళు. మునెయ్యకు మిగిలిన చేని చెక్క అడవి అంచునే ఉంది. చదివినప్పుడల్లా "మా పాప రాసింది" అని మురిసిపోయేవాడు.

ఆ ఏడు ముద్దుకృష్ణ వార్తలు పంపేవాళ్ళందరినీ కొత్త పద్ధతికి మారమన్నాడు. పాతదానిలో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు పోతుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు. కొత్తదానిలో కవరు అంటించి పంపినట్టు. పుంగనూరు నుంచి వాన కబుర్లు రాసే వసంతమ్మ ఒక్కపూటలో మారిపోయింది. సిద్దమ్మకు ఫోన్లో చెప్పాడు.

"మొదటిసారి తెర మీద సర్వర్ వేలిముద్ర వస్తాదమ్మా. నేను సెప్పిన అక్షరాలతో సరిపోతే ఎస్ నొక్కు, అంతే."

"వేలిముద్రా?"

"నీ వేలిముద్ర కాదమ్మా, మన సైటుండే కంప్యూటర్ అదే అని గుర్తు."

"వద్దన్నా. మా నాయన ఒత్తింది సాలు మా ఇంటికి."

ఆయన నవ్వి, ఆమె ఒక్కదాని కోసం పాత దారి నెలాఖరు దాకా తెరిచి పెట్టాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోప్పడి మూసేసినా బాగుండేది.

ఒక ఉదయం ఆమె పేజీలో "ఉండాయి" అన్నచోటల్లా "ఉన్నాయి" అని కనబడింది.

"సూసినావాన్నా, మదనపల్లె ఆయన నా మాట దిద్దుతాండాడు" అని నా దగ్గర రుసరుసలాడింది. పంతానికి పోయి ఆయన్ను అడగలేదు. అడిగి ఉంటే, తాను వేలు పెట్టలేదని చెప్పేవాడు. పాత దారిలో ఎవరో ఆమె పాస్‌వర్డ్ చదివి పేజీ తిరగరాస్తున్నారని అప్పుడే తేలేది. ఆ వారమే, దంతాల కోసం ఎవరో జీపులో తిరుగుతున్నారని పల్లెల్లో గుసగుసలు మొదలయ్యాయి. జనం డప్పులతో కొండ కింద ఉంటే వాళ్ళ పని సాగదు. ఆ జీపుకూ ఈ పేజీకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

శుక్రవారం ఆమె "రాగిచేల కాడనే ఉండాయి, ఒంటరిగా పోవద్దండి" అని పంపింది. పొద్దు గూకే వేళ సెంటర్ మూసే ముందు పేజీ తెరిచి చూసింది. "ఏనుగులు రాష్ట్ర సరిహద్దు దాటి వెళ్ళిపోయాయి. భయం లేదు" అని ఉంది.

వెంటనే బూతుకు ఫోన్ చేసింది.

"వెంకటస్వామన్నా, పేజీ సదివినావా?"

"సదివినా గదమ్మా. ఈ పొద్దు కావలి లేదని అందరూ ఇండ్లకు పోయినారు. మీ నాయన ఒక్కడే సేను సూసొస్తానని పోయినాడు. పాప రాసింది గదా, ఇంగ బయమేముండాదని టపాకాయలు ఈడనే పెట్టిపోయినాడు."

"అది నేను రాసింది కాదన్నా! పరిగెత్తండి!"

ఆ అరుపుకు బస్టాండులో జనం తిరిగి చూశారు. రామకుప్పంలో పరిగెత్తారు కూడా. వాళ్ళు పోయేసరికి కొండవైపు తుపాకీ మోగింది, బెదిరిన మంద చేనంతా తొక్కేసింది. మునెయ్య గట్టు మీద పడి ఉన్నాడు, ప్రాణం లేదు.

మరునాడు ఆసుపత్రిలో శవాన్ని అప్పగించే ముందు ఒకాయన కాగితం ముందుకు తోసి, "సంతకం వస్తాదామ్మా?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. సిద్దమ్మ పెన్ను తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది. బొటనవేలు సిరాలో అద్ది ఆయన వైపు చూసింది.

"యాడ ఒత్తల్లప్పా?"