పెద్దమ్మ కందులకు రిజర్వాయర్ గాలి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. (ఇప్పుడు బోలెడున్నాయి, బడిలో పిల్లలు రోజుకొకటి బయటపెడతారు.) వనపర్తిలో డిగ్రీ అయ్యాక పాన్‌గల్ దగ్గరి మా ఊరికి వచ్చి, సముద్రాన్ని ఎన్నడూ చూడకపోయినా సముద్రపు గాలి ఎలా పుడుతుందో అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని. బీఈడీ చేయాలని నా పట్టుదల. నన్ను పెంచిన పెద్దమ్మ మాత్రం ఏ సంగతీ తేల్చడం లేదు.

కందులు కొట్టి కల్లంలో కుప్ప పోశాం. తూర్పారబట్టడానికి గాలి కావాలి, చూస్తే ఆకు కూడా కదలడం లేదు. పైగా రాత్రికి వాన అని టీవీలో చెప్పారు. తడిస్తే ఏడాది కష్టం బూజుపాలే. పెద్దమ్మ పరేషాన్‌లో ఉంటే నేను ఊరుకుంటానా? "పెద్దమ్మా, రిజర్వాయర్ ఒడ్డుకు తీస్కపోదాం. ఎండకు నేల జల్ది వేడెక్కుతది, నీళ్లు నిదానంగ వేడెక్కుతయి. నేల మీది గాలి కాగి పైకి పోతది, ఆ జాగలకు నీళ్ల మీది సల్లగాలి ఉరికొస్తది" అన్నాను.

"అది సముద్రం కాడ గదనే?"

"నీళ్లు యాడున్నా నీళ్లే పెద్దమ్మా."

"సరే పా. గాలి రాకుంటే బీఈడీ మాట మల్ల ఎత్తొద్దు."

ట్రాలీ ఆటోలో కందులు ఒడ్డుకు చేరాయి. మధ్యాహ్నమైనా గాలి జాడ లేదు. చుట్టూ చేరినవాళ్లు "ఏందమ్మా, నీ గాలికి బస్సు దొర్కలేదా?" అని నవ్వుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. పెద్దమ్మ బస్తాలు తిరిగి ఎత్తమంటుండగా నీళ్ల మీద సన్నగా ముడతలు కదిలాయి, చెంపకు చల్లగా తగిలింది. "వచ్చింది!" అన్న నా అరుపుకు కొంగలు లేచిపోయాయి. పెద్దమ్మ చేట ఎత్తింది. కందులు ఆమె కాళ్ల దగ్గర రాలుతుంటే పొట్టు నీళ్లకు దూరంగా, చేల వైపు ఎగిరిపోతోంది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ వైపు మైకత్త (ఆమె గొంతుకు ఊరు పెట్టిన పేరు) మిరపకాయలు ఆరబోసిన సంగతి ఎవరు చూశారు? ఒడ్డు దాటిన గాలి అక్కడే ఆగదనీ, నేల మీద లోలోపలికి సాగుతుందనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే.

"నా మిరపకాయల మీద ఏంది గీ పొట్టు? కండ్లు కనవడ్తలెవ్వా?"

"మా పిల్ల సదువుకొని గాలిని పిలిచింది వదినా, జర ఎక్కువ పిలిచింది, ఏమనుకోకు" అంది పెద్దమ్మ.

కందుల బస్తాలు ఇంటికి పంపి, ముగ్గురం కూర్చుని మిరపకాయల్లో పొట్టు ఏరాం. వేళ్లకు కారం ఉన్న సంగతి మరిచి కళ్లు తుడుచుకున్నాను. ఇక చెప్పేదేముంది, భగ్గున మండాయి. పెద్దమ్మ తన కొంగు తడిపి నా కళ్లకు అద్దుతూ మెల్లగా అంది: "పో, సదువుకో. గాలి ఎట్ల వస్తదో నేర్సినవ్. ఎంత దూరం పోతదో గూడ నేర్సుకొని రా."

నేర్చుకున్నాను. బిజినేపల్లి బడిలో ఏటా ఆ పాఠం చెబుతాను. ఎంత దూరం పోతుందని పిల్లలడిగితే, ఎండను బట్టి, నేలను బట్టి, ఎదురొచ్చే గాలిని బట్టి అంటాను. ఈ జవాబు వినడానికి పెద్దమ్మ లేదు. ఉండి ఉంటే, "అంటె నీకింక తెల్వదన్నట్టే గదనే!" అని పకపకా నవ్వేది. ఔను పెద్దమ్మా, తెల్వదు.