గుర్రానికి వీపు తిప్పి

గగన్‌పహాడ్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. పక్క సీటాయన ఫోన్‌లో మండిపడుతున్నాడు. "చేతులు ఊపకుండ్రి సార్! అరవకుండ్రి!"

విసుగ్గా నావైపు తిరిగి సంగతి చెప్పాడు. రోడ్ల మీద వదిలేసిన మొండి గుర్రాలను మూడు నెలల్లో మచ్చిక చేసే పోటీ ఒకటి ఉందట. పోటీ అయ్యాక వాటిని పెంచుకునేవాళ్లకు అప్పగిస్తారు. ఇతను మచ్చిక చేసిన ఆడగుర్రాన్ని రావిర్యాల ఫామ్‌హౌస్ యజమాని ఒకాయన తీసుకున్నాడు. అది దగ్గరికి రావడం లేదని, రెండు రోజులకే వాపసు పంపుతానంటున్నాడు.

"వాపసొస్తే మల్ల రోడ్డే దానికి. గుర్రానికైతే నేను నేర్పిన, అన్నా. ఈ సారుకు ఎవలు నేర్పాలె?"

ఫోన్‌లో మళ్లీ కేకలు.

"ఇగ ఒక్క మాట వినుండ్రి. ఫోన్ జేబుల పెట్టుకొని, దానికి వీపు తిప్పి నిలబడుండ్రి. నోరు తెరవొద్దు."

స్పీకర్ నొక్కి, ఫోన్‌ను మా ఇద్దరి మధ్య పట్టుకున్నాడు. బస్సు కదిలింది. చాలాసేపటికి బరువైన ఊపిరి వినిపించింది. ఆ వెంటనే చిన్న గుసగుస: "వచ్చిందండీ. జేబు వాసన చూస్తోంది. ఇప్పుడేం చేయమంటారు?"

"ఏం జేయకుండ్రి సార్!" అన్నాడు పళ్లు కొరుకుతూ.

విలేకరిగా నేను అడగాల్సినవి చాలానే ఉన్నాయి. సాతంరాయిలో అతను దిగేదాకా నేనూ నోరు తెరవలేదు.