పిల్ల చదువుకి ప్లీడరు

మొన్న నర్సీపట్నంలో మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే, పక్కనున్న చిన్న వయసు తల్లి ఒకామె, మాట సరిగా రాని వాళ్ల బాబుకి బడిలో వేరే టీచరమ్మ వచ్చి విడిగా పాఠం చెబుతోందని షాపతనితో ఎంతో మామూలుగా అంది. నేను నా మాత్రల సంగతి మరిచిపోయి ఆమెకేసే చూస్తూ ఉండిపోయాను.

తొంభైల చివర్లో మా అమ్మాయిని ఒకటో తరగతిలో వేసినప్పుడు మాకు ఆ భాగ్యం లేదు. దానికి మాట ఆలస్యంగా వచ్చింది, అక్షరం ఇంకా ఆలస్యం. నెల తిరక్కుండానే హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించి, మీ పిల్ల వల్ల తరగతి మొత్తం వెనకబడుతోంది, ఇంటి దగ్గరే ఉంచుకోండమ్మా అని, కసురుకోకుండా, జాలిగానే చెప్పారు. ఆ జాలికే నాకు ఒళ్లు మండింది. ఇలాంటి పిల్లల్ని బడి నుంచి పంపెయ్యకూడదని కొత్తగా చట్టం వచ్చినట్టు పేపర్లో చదివిన గుర్తుండి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నర్సీపట్నం కోర్టు దగ్గరున్న ఒక ప్లీడరు గారింటికి వెళ్లాను.

మన తరం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మా వైపు ఆడమనిషి ప్లీడరు గారి అరుగు ఎక్కిందంటే అయితే మొగుణ్ని వదిలేస్తోంది, లేకపోతే ఆస్తి పంచమంటోంది, మూడో కారణం ఉండదు. కబురు నాకంటే ముందే ఆటో ఎక్కి మా ఊరు చేరింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి, "ఏటమ్మా, జీడితోట పంచీమని ప్లీడరు కాడికి ఎల్లినావంట, మేం నీకేటి తక్కువ సేసేం" అన్నారు. పిల్ల బడి కోసమని ఎంత మొత్తుకున్నా నమ్మరే! బడికి ప్లీడరెందుకని మావగారి తమ్ముళ్లు కూడా వచ్చి పంచాయితీ పెట్టారు. మా ఆయన మంచివాడే, కానీ పెద్దలు మాట్లాడుతుంటే తల ఎత్తే అలవాటు లేదు, ఆ రోజు కూడా ఎత్తలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంట్లో నాతో మనసిచ్చి మాట్లాడింది నా కూతురొక్కతే, అదీ వచ్చీరాని మాటలతో.

ప్లీడరు గారు జీవితమంతా గట్టు తగాదాలు, దారి తగాదాలు వాదించిన మనిషి. నా కోసం కొత్త చట్టం చదువుకుని నాతో బడికి వచ్చారు గానీ, చట్టం పేరు ఎత్తగానే హెడ్మాస్టరు గారు బిగుసుకుపోయేసరికి, తనకు అలవాటైన పద్ధతిలోకి దిగిపోయారు. "నడిమిట్లో ఉన్న పొలానికి దారి ఇవ్వనంటే సెల్లదు కదండీ మేస్టారూ, ఈ పిల్లకీ అంతేనండి, దాని దారి మూసీయకండి" అన్నారు. హెడ్మాస్టరు గారికీ ఊళ్లో చెరుకు పొలం ఉంది, దారి లేక ఆయనా ఒకప్పుడు ఇబ్బంది పడ్డవారే. రేపట్నుంచి పంపమన్నారు. కోర్టు దాకా వెళ్లే పనే పడలేదు.

గెలిచానని ఇంట్లో ఎవరికి చెప్పుకోను? మర్నాడు దాన్ని తరగతిలో కూర్చోబెట్టి, బయట నిలబడి చూశాను. ఇళ్లల్లో ఏం చెప్పి పంపారో, మిగతా పిల్లలు అవతలికి జరిగిపోయారు, బెంచీ చివర అదొక్కతే మిగిలింది. బెంచీ మీద చోటు ప్లీడరు గారు ఇప్పించగలిగారు గానీ పక్కన కూర్చునే పిల్లని ఎవరు ఇప్పిస్తారు? అది మాత్రం నన్ను చూసి సంబరంగా చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, ఏడుపు ఆపుకుంటూ.

ఏడో తరగతి దాకా చదివింది. ఇప్పుడు బళ్లు మారాయి, మాటలు మెత్తబడ్డాయి, ఇలాంటి పిల్లల తల్లులు ఫోన్లలో ఒకరినొకరు వెతుక్కుని కబుర్లు చెప్పుకుంటున్నారట. నాకు సంతోషమే, కొంచెం అసూయ కూడా. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల మాకవరపాలెంలోనో రావికమతంలోనో నాలాంటి తల్లి ఇంకొకామె ఉండే ఉంటుంది. నర్సీపట్నం బస్టాండులో పక్కపక్కనే నిలబడి కూడా ఉంటాం. ఒకరి సంగతి ఒకరికి తెలియక, ఎవరి బస్సు రాగానే వాళ్లం ఎక్కి వెళ్లిపోయి ఉంటాం.