ఆయుధ పూజనాడు తీసిన రెండు డిస్కులు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే అది. "లేదు." ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది శంషాబాద్ దగ్గర ఒకప్పటి పటేళ్ల ఇల్లు. భూములన్నీ నాన్న కాలంలోనే పోయాయి. పోనిది ఎవరికీ తల వంచని అలవాటు, పటేల్ అబద్ధమాడడన్న పేరు. విమానాశ్రయం తెరిచిన ఏడాది, దాని పక్కనే సరుకుల గోదాములో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాను. ఏ పెట్టె ఏ అరలో ఉందో చెప్పేది ఒకే ఒక్క సర్వర్. అది నా చేతికింద ఉండేది.

ఆ దసరాకు ఆఫీసులో ఆయుధ పూజ. అందరూ కంప్యూటర్లు ఆపి, పైపైన తుడిచి, బొట్టు పెట్టారు. నాకు అది పూజలా అనిపించలేదు. మా ఇంట్లో తాత తుపాకీని విప్పి, ప్రతి భాగాన్నీ తుడిచి, ఒక్కోదానికీ బొట్టు పెట్టి, మళ్లీ బిగించేవారు. విప్పకుండా చేస్తే అది మొక్కుబడి అనేవారు. నేనూ అలాగే సర్వర్ ముందువైపు అరల్లో ఉండే రెండు డిస్కులూ బయటికి లాగాను. మెత్తటి గుడ్డతో తుడిచాను, బొట్లు పెట్టాను, లోపలికి తోశాను. అప్పుడు గదిలో నేనొక్కణ్నే ఉన్నాను.

పండగ మర్నాడు సర్వర్ లేవలేదు. డిస్కు కనబడడం లేదని తెర మీద ఒకే వరుస.

నర్సింలును పిలిపించారు. మంఖాల్ మనిషి. వాళ్ల నాన్న మా ఇంట్లో జీతం ఉండేవాడు. నర్సింలు కంప్యూటర్ల పని నేర్చుకుని, సాతంరాయిలో చిన్న దుకాణం పెట్టాడు. మా ఆఫీసుదీ, పక్కనున్న రెండు ఆఫీసులదీ రిపేరు పని అతనిదే. వాడికి తెలిసింది నాకు తెలియదన్న సంగతి నన్ను లోపల కొరుకుతూ ఉండేది.

గుమ్మంలో నిలబడి మేనేజరు నవ్వాడు. "ఏం దొరగారూ, మీ సర్వర్‌కి ఇంకా పండగ సెలవేనా?"

నర్సింలు తెర చూసి, నా వైపు తిరిగాడు. "పటేలా, పూజకు డిస్కులు గిట్ల బయటికి తీసిన్రా?"

"లేదు."

"జర గుర్తు చేసుకోన్రి. తీసుంటే అటుది ఇటు, ఇటుది అటు అయ్యుంటయి. మార్చి పెడితే లేస్తది. తియ్యకుంటే మాత్రం రెండింటి జోడు చెడినట్టు. ఇగ కొత్తగ కట్టాలె. లోపలున్నది అంత పోతది."

అప్పుడు తెలిసింది నాకు, ఏం చేశానో. ఒక్క క్షణం చాలు చెప్పడానికి. కానీ మేనేజరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మా ఇంటి జీతగాడి కొడుకు ముందు, ఆ మేనేజరు ముందు, పొరపాటు చేశానని ఎలా అనను?

"తియ్యలేదని చెప్పాను కదా."

నర్సింలు చెయ్యి అప్పటికే ఒక డిస్కు మీద ఉంది. లాగి చూస్తే లోపలి బొట్టు కనబడేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీరు తియ్యలేదంటే తియ్యనట్టే. కాపీ ఉన్నదా?"

"ఉంది."

మొదటిది అబద్ధం. రెండోది? రోజూ కాపీ తీయించే బాధ్యత నాదే, అది జరుగుతోందనే నమ్మాను, కానీ ఎన్నడూ తెరిచి చూడలేదు. వానాకాలం మొదట్లోనే ఆగిపోయిందని ఆ సాయంత్రం, నర్సింలు డిస్కుల్లోదంతా చెరిపి కొత్తగా కట్టాక తెలిసింది. దాన్ని పొగరు అనాలా, నిర్లక్ష్యం అనాలా?

గోదాములో జనం వారం పాటు ఒక్కో పెట్టె దించి రాసుకున్నారు. సర్వర్ చెరిపింది నర్సింలు కాబట్టి తప్పు నర్సింలుదే అన్నారు. కాపీ సంగతి అడిగితే, అది కూడా సర్వర్‌తోనే పోయిందన్నాను. నర్సింలు నా మొహం చూశాడు. అతనికి మా ఆఫీసు పని పోయింది, పక్క ఆఫీసులూ మానిపించాయి. చలికాలం దాటకముందే దుకాణం మూసేసి కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరాడు.

పోయిన నెల సాతంరాయి బస్టాపులో కనబడ్డాడు. తనే పలకరించాడు. కంప్యూటర్ ముట్టుకుని ఏళ్లయిందన్నాడు. "చెయ్యి మీద నమ్మకం పోయింది పటేలా. ఆ రోజు నేను చేసిన తప్పేందో ఇప్పటికీ సమజ్ అయితలేదు."

బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. అప్పుడూ నిజం చెప్పలేదు. పని పోగొట్టానని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. తన చేతిని తనే అనుమానించేలా చేశానని ఆ రోజే తెలిసింది. చేతి పని మీద బతికేవాడికి అంతకంటే ఏం పోవాలి?

అతను క్షమించాలని దీన్ని రాయడం లేదు. అడిగే మొహం లేదు. ఇది అచ్చయితే అతని కంట పడుతుందో లేదో కూడా తెలియదు. ఆ రోజు గదిలో అనాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

తీశాను నర్సింలూ. రెండు డిస్కులూ నేనే తీశాను. నీ చేతిలో ఏ తప్పూ లేదు.