పసుపు పూసిన ఆరో గది

1958లో వికారాబాద్ స్టేషన్ దగ్గర నాకు తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది. పోలీసు చర్య తర్వాత చాలామంది ఆయుధాలు సర్కారుకు అప్పజెప్పారు. లైసెన్సు మిగిలిన కొద్దిమంది పటేళ్లే నా గిరాకీ. తుపాకులు వాడకంలో చెడిపోవడం కంటే, ఇంట్లో శుభ్రం చేసే చేతుల్లో పాడవడమే ఎక్కువ చూశాను. నాకు అన్నం పెట్టింది ఆ తెలియనితనమే. ఒకసారి నన్ను మింగబోయిందీ అదే.

దసరా అయిన నెలకు తాండూరు నుంచి ఒక పటేలు కబురు పెట్టాడు. రివాల్వర్ సిలిండర్ తిరగడం లేదట. సిలిండర్ అంటే గుండ్లు పెట్టే ఆరు గదుల గుండ్రటి దిమ్మె. లైసెన్సు కోసం రెండు రోజుల్లో దాన్ని సర్కారు కచేరీలో చూపించాలి. పొద్దున్నే రైలెక్కి, ధారూర్ మీదుగా తాండూరులో దిగాను.

వసారాలో నాపరాయి మీద కూర్చుని రివాల్వర్ అందుకుంటే చేతికి జిగురు తగిలింది. పసుపూ కుంకుమా నూనెలో కలిసి గట్టిపడ్డాయి. ఆరు గదుల మూతుల్లోనూ పసుపు ముద్దే.

"ఏం నూనె పూసిండ్రు పటేలా?"

"ఇంట్ల కుసుమ నూనె ఉండంగ ఇంకేం నూనె? ఆయుధ పూజకు మెరవాలని మస్తుగ పూయించిన."

కుసుమ నూనె వంటకు బంగారమే. ఇనుము మీద నెల రోజులు గాలికి ఉంటే మాత్రం బంక అవుతుంది.

"గుండ్లు తీసిండ్రా?"

"దసరాకు ముంగటనే ఆరుకు ఆరు తీసి పెట్టెల ఏసి తాళం పెట్టిన. ఫికర్ చెయ్యకు ఉస్తాద్."

ఎవరేం చెప్పినా తుపాకీ నిండుగా ఉందనుకునే పట్టుకోవాలని మా నాయన నేర్పాడు. ఆ రోజు పెద్దమనిషి మాటను అనుమానించడం మర్యాద కాదనుకున్నాను. ఆ మర్యాదకు నిప్పు పెట్టాలి! బ్యారెల్‌ను, అంటే గుండు బయటికొచ్చే గొట్టాన్ని, పట్టు కోసం నా పొట్టకే ఆనించుకున్నాను. వెనక ఉండే హామర్ గుండును కొట్టే భాగం. బిగువు వదలాలని దాని మీద కొయ్యసుత్తితో మెల్లగా తట్టాను. కదల్లేదు. ఈసారి గట్టిగా కొడదామని చెయ్యెత్తాను.

"ఉస్తాదూ, జర ఆగు! అండ్ల గుండొకటున్నది!"

గడప లోపల నిలబడ్డ పటేలు భార్య నీలమ్మ గొంతు అది.

"నీకేం తెలుసు? ఖాలీ అని చెప్తున్న గద!" అని పటేలు కసిరాడు.

"నేనే పెట్టిన. పూజల గింజల సోల ఖాలీ పెట్టం, గంప ఖాలీ పెట్టం, తుపాకి ఒక్కటి ఖాలీ పెడ్తమా? పెట్టె తాళంచెవి నా కొంగుకే ఉండె. తెల్లారి తీద్దామంటే అతుక్కపోయింది. కోపానికొస్తరని చెప్పలె."

పెరట్లోకి వెళ్లి, మూతిని మట్టికుప్ప వైపు తిప్పి పెట్టి, కిరోసిన్‌తో నానబెట్టాను. మధ్యాహ్నానికి సిలిండర్ కదిలింది. గుండు నా అరచేతిలో పడింది. దాని వెనక, మందు అంటుకునే బిళ్ల మీద చిన్న సొట్ట ఉంది. నేను తట్టిన మొదటి దెబ్బది.

పటేలు దాన్ని చూసి నోరు తెరవబోయాడు.

"అమ్మను ఒక్క మాట అనకుండ్రి పటేలా. నా పెండ్లాం బొట్టు నిలబెట్టింది," అన్నాను.

నీలమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. భర్త కోపానికి నెలంతా భయపడిన మనిషి, ముక్కూమొహం తెలియని నాకోసం ఆ భయాన్ని పక్కనపెట్టింది.

సాయంత్రం ఆమెనే కూర్చోబెట్టి పని నేర్పాను. ముందు తెరిచి ఆరు గదులూ కళ్లతో చూడాలి, వేలితో తడమాలి. తర్వాత పొడిగుడ్డ, కిరోసిన్, చివరికి ఒక్క చుక్క మిషన్ నూనె. పసుపుకుంకుమలు తుపాకీకి కాదు, దాని పెట్టెకే. మరుసటి దసరాకు ఆమె పంపిన కబురు ఇది: "తుపాకి ఖాలీగనే పెట్టిన ఉస్తాదూ. దాని ముంగట సోలెడు జొన్నలు పెట్టిన."

అప్పటి నుంచి ఏ ఇంట్లో తుపాకీ చేతికిచ్చినా, అది ఖాలీయేనా అని యజమానిని అడగడం మానేశాను. మూతి మట్టి వైపు తిప్పి నేనే చూసుకుంటాను. ఆ తర్వాత లోపలి వైపు తిరిగి అడుగుతాను: "అమ్మా, దీన్ని తుడిచేది ఎవరు?"