అంకె మాత్రమే ఇవ్వండి

నందిగామలో కంప్యూటర్ క్లాసుకు వెళ్తున్న రోజులవి. అంకె అడిగిన చోట మనిషి మాటలు చెబితే ప్రోగ్రామ్ కుప్పకూలకుండా ఎలా కాపాడాలన్నది ఆ వారం పాఠం. "ఇంట్లోవాళ్ళని అడిగి చూడండి. వాళ్ళు ఏం చెబితే అదే టైప్ చెయ్యండి" అన్నారు సారు. జగ్గయ్యపేటలో మా ఇంట్లో నాకు దొరికేది అమ్మ ఒక్కతే.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, సర్వేకి వచ్చినదానిలా గొంతు సవరించుకున్నాను.

"మీకు పిల్లలెంతమందండీ?"

అడిగేశాక గానీ ఏం అడిగానో నాకు తెలియలేదు.

"నువ్వూ, నీ తోడూ" అంది అమ్మ.

ఎవరడిగినా ఆవిడ జవాబు అదే. నా తోడంటే నాతోపాటు కవలగా పుట్టిన తమ్ముడు. మా చిన్నప్పుడు పెనుగంచిప్రోలు వెళ్ళినప్పుడు వాణ్ణి మునేరు ప్రవాహం తీసుకుపోయింది. అప్పట్నించీ అమ్మ ఒకరనీ చెప్పదు, ఇద్దరనీ చెప్పదు. వాడి పేరెత్తదు. ఎత్తని ఆ పేరు తలుపు వెనక నిలబడి ఉన్నట్టే ఉంటుంది నాకు. ఒంటరిగా ఉన్నప్పుడు భయం కూడా వేస్తుంది.

సారు చెప్పినట్టే ఆ మాటలు టైప్ చేశాను. తెర నిండా ఎర్రటి అక్షరాలు. ప్రోగ్రామ్ ఆగిపోయింది.

"నేనేం తప్పు చెప్పానే?"

"నువ్వు కాదమ్మా, దానికి అంకె కావాలి."

తప్పు జవాబొస్తే పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ వరసలు రాసి, అంకె వచ్చేదాకా మళ్ళీ అడిగేలా చేశాను. ఈసారి ప్రోగ్రామ్ ఆగిపోలేదు. "అంకె మాత్రమే ఇవ్వండి" అంది. అమ్మ అదే జవాబు చెప్పింది. అది మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది. చుట్టాలైతే ఒకసారి అడిగి ఊరుకుంటారు. దీనికి ఆపాటి మర్యాద కూడా లేదు. రాసింది నేనే అయినా విసిరికొట్టాలనిపించింది.

అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని నా పక్కకి వచ్చింది. అంకెల వరస మీద వెతికి, ఒక్క వేలితో రెండు నొక్కింది.

ప్రోగ్రామ్ మొదటి బిడ్డ పేరు, వయసు అడిగింది. నావి వేశాను. రెండో బిడ్డ పేరు అడిగింది. అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు ఆవిడ నోట విని టైప్ చేశాను.

తర్వాత వయసు. నేను అమ్మ మొహంలోకి చూశాను.

"అలా చూస్తావేంటే? నీ వయసేగా వాడిదీ. వెయ్యి" అంది అమ్మ.

వేశాను. ఎర్ర అక్షరాలేమీ రాలేదు.