ఒకే కుర్చీకి రెండు చీటీలు

ఆస్పత్రిలో ఆమెను అందరూ లైనక్క అనేవారు. కంప్యూటర్ ఎక్కడ మొరాయించినా "అక్కా, లైనుందా?" అని అడిగి అడిగి ఆ పేరే ఖాయం చేశారు. ఉద్యోగంలో చేరాక ఆమె తీరిగ్గా భోంచేసిన మధ్యాహ్నాలు తక్కువ.

ఆ రోజూ డబ్బా మూత తీసిందో లేదో ఫోన్ మోగింది. రోడ్డుకు అటు పాత భవనం, ఇటు కొత్త భవనం, రెండింటినీ కలుపుతూ భూమిలో ఒక కేబుల్. నీళ్ల గొట్టం కోసం తవ్వేవాళ్లు దాన్ని తెంపేశారు. రెండు భవనాల్లోనూ చెరో పెద్ద కంప్యూటర్ ఉంది. ఒకటి పాడైతే రెండోది పని అందుకోవాలని ఏర్పాటు. ఇప్పుడు రెండూ బాగానే ఉన్నాయి గానీ ఒకదాని కబురు ఒకదానికి అందడం లేదు. అవతలిది పోయిందనుకుని, డయాలసిస్ కుర్చీలన్నిటినీ రెండూ రోగులకు చీటీలిచ్చి ఎడాపెడా పంచేయసాగాయి.

ఆమె పరుగున కొత్త భవనానికి వెళ్లేసరికి ఒక ముసలాయనా, ఒక టీచరమ్మా ఒకే కుర్చీ దగ్గర, ఒకే సమయం వేసిన చీటీలతో వాదులాడుకుంటున్నారు.

"నాది దొంగ చీటీ అంటోందమ్మా ఈవిడ!" అన్నాడాయన.

"రెండూ నిజమైనవే బాబాయ్‌గారూ. తప్పు మాది," అంది లైనక్క.

టీచరమ్మకు ఆయాసం ఎక్కువగా ఉందని డాక్టరు ఆమెను ముందు కూర్చోబెట్టాడు. ముసలాయన బెంచీ మీద కూలబడ్డాడు.

లైనక్క పాత భవనానికి వెళ్లి అక్కడి కంప్యూటర్‌ను ఆపబోయింది. కౌంటరు గుమాస్తా అడ్డుపడ్డాడు.

"ఇది బాగానే పనిచేస్తోంది కదక్కా! ఆపితే జనం నన్ను పీక్కుతింటారు."

"దీనికి అవతలి సంగతి తెలీదు తమ్ముడూ. చీటీ ఇవ్వకపోతే మనం తిట్లు తింటాం, అంతే. ఇచ్చామా, ఇంకో పెద్దాయన్ని బెంచీ మీద పడేస్తాం."

ఆపేసింది. కేబుల్ అతికేదాకా ఇద్దరూ కలిసి రెండువైపుల చీటీలూ సరిచూసి, చీటీలు కలగాపులగమైనవాళ్లందరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నారు. ముసలాయన వంతు సాయంత్రానికి గానీ రాలేదు.

తర్వాత ఆమె సూపరింటెండెంట్ వెంటపడి, వేరే చోట ఇంకో చిన్న కంప్యూటర్ పెట్టించి, దాన్నుంచి రెండు భవనాలకూ విడిగా లైన్లు వేయించింది. కేబుల్ తెగితే ఆ మూడోది ఏ కంప్యూటర్ పక్షం చేరితే అదే పని సాగిస్తుంది. మిగిలినది తనంతట తాను నోరు మూసుకుంటుంది.

"ఇంక నీ తలనొప్పి తీరినట్టేనా?" అన్నాడు భర్త.

"తీరడమా! కేబుల్ తెగుతూనే ఉంటుంది. తెగినా ఎవరి ప్రాణం మీదికీ రాకుంటే చాలు," అంటూ మంచం మీద వాలిపోయింది.

వానల్లో మళ్లీ తెగింది. పాత భవనం కంప్యూటర్ టక్కున ఆగింది. వరసలో ఉన్నవాళ్లు ఆమెను చెడామడా తిట్టారు. ఆమె గొడుగు పట్టి ఒక్కొక్కరినే రోడ్డు దాటించి కొత్త భవనంలో దిగబెట్టింది. ఎవరి వైద్యమూ ఆగలేదు. ఆగనిదాన్ని ఎవరు గమనిస్తారు? కాళ్లు పీకేస్తుంటే మెట్ల మీద చతికిలబడి, కేబుల్ అతికేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.